బుద్ధిని గుమ్మం బయట వదిలి రావాలా?

ప్రశ్న: నా వయసు నలభై నాలుగు. గణితం బోధిస్తాను. చిన్నప్పటి నుంచి చదువులో ముందుండేదాన్ని. పదిహేనేళ్లుగా ఉపనిషత్తులు, వాటి భాష్యాలు చదువుతున్నాను; ఎవరైనా అడిగితే గంటసేపు తడుముకోకుండా చెప్పగలను. కానీ నా మాటను ఎవరైనా కాదంటే చాలు, లోపల భగ్గుమంటుంది. నా తమ్ముడికి చదువు అబ్బలేదు. పదో తరగతి మూడుసార్లు తప్పాడు. ఏ గ్రంథమూ తెరవలేదు. రోజూ ఉదయం కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంటాడు, అంతే. అయినా నాలో లేని నెమ్మది ఏదో వాడిలో ఉంది. మొన్న పదిమంది ఎదుట వాడిని తప్పుపట్టి గట్టిగా మాట్లాడాను. వాడు అంతా విని, "నిజమే అక్కా, అది నేను చూసుకోలేదు" అని, ఆ పని సరిచేయడానికి లేచి వెళ్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను వెళ్లే ధ్యాన తరగతుల్లో గురువుగారు "బుద్ధిని గుమ్మం బయటే వదిలి రండి, ప్రశ్నలు వేసేవారికి జ్ఞానం రాదు" అంటారు. తెలివి జ్ఞానానికి అడ్డమా? లేక జ్ఞానం కలిగినవారే అసలైన తెలివిగలవారా? నేను ప్రశ్నించడం మానేయాలా?

సమాధానం: మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నేను ఆగిపోయిన చోటు ఉపనిషత్తుల ప్రస్తావన దగ్గర కాదు, మీ గురువుగారి మాట దగ్గరా కాదు. "ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అని మీరు రాసిన చిన్న వాక్యం దగ్గర ఆగాను. మీ తమ్ముడు మీతో వాదించి ఉంటే మీరు హాయిగా నిద్రపోయేవారు. ఆయన వాదించలేదు కాబట్టి, మీ కోపం తగలడానికి ఎదురుగా గోడ లేక, తిరిగి మీ దగ్గరకే వచ్చింది. దాన్ని మీరు దాచుకోకుండా రాశారు. ఈ సమాధానమంతా ఆ వాక్యాన్ని ఆధారం చేసుకునే రాస్తున్నాను.

మీ మూడు ప్రశ్నల్లో చివరిదానికి నా జవాబు సూటిగానే ఉంటుంది: ప్రశ్నించడం మానుకోనక్కరలేదు. మొదటి రెండింటికీ అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేను, ఎందుకంటే తెలివి అనే ఒకే మాటతో మనం రెండు వేర్వేరు సంగతులను పిలుస్తున్నాము. కష్టమైన లెక్కను చటుక్కున చేసిన పిల్లను తెలివైనది అంటాము. స్పృహ కోల్పోయి పడిపోయిన మనిషికి తెలివి తప్పింది అంటాము; కళ్లు తెరవగానే తెలివి వచ్చింది అంటాము. మొదటిది సామర్థ్యం. అది ఒకరిలో ఎక్కువగా, మరొకరిలో తక్కువగా ఉంటుంది, దాన్ని కొలవవచ్చు, మార్కులు వేయవచ్చు. రెండోది మెలకువ. మెలకువలో మొదటి తరగతి, రెండో తరగతి ఉండవు. తెలుపు, తెల్లవారడం, తెలియడం, తెలివి అనే మాటలన్నీ వెలుగుకూ తేటదనానికీ సంబంధించిన ఒకే కుదుటి నుంచి వచ్చినవి. సంస్కృతంలోనూ బుద్ధి, బోధ, బుద్ధుడు అనే మాటలకు మేలుకోవడమనే అర్థమున్న 'బుధ్' ధాతువే మూలం. జ్ఞానోదయమని మనం పిలిచేది ఈ రెండో అర్థంలో తెలివి రావడం. మొదటి అర్థంలో ఎంత తెలివి ఉన్నవారైనా రెండో అర్థంలో తెలివి తప్పి ఉండవచ్చు. అలా ఉన్నంతసేపు తెలివి తప్పిందన్న సంగతి వారికి తెలియదు కూడా.

ఈ భేదం నేను కల్పించినది కాదు, మీరు చదివిన కఠోపనిషత్తులోనే ఉంది. "నాయమాత్మా ప్రవచనేన లభ్యో న మేధయా న బహునా శ్రుతేన" అని యముడు నచికేతుడికి చెబుతాడు. ప్రవచనం వల్ల గాని, మేధ వల్ల గాని, ఎంతో వినడం వల్ల గాని ఆత్మ లభించదని దీని భావం. తరువాతి వల్లిలో, అంటే తరువాతి భాగంలో, ఆ యముడే "దృశ్యతే త్వగ్ర్యయా బుద్ధ్యా సూక్ష్మయా సూక్ష్మదర్శిభిః" అంటాడు. సూక్ష్మంగా చూడగలవారికి వాడియైన, సూక్ష్మమైన బుద్ధితోనే అది కనబడుతుందట. మేధతో దొరకనిది బుద్ధితో ఎలా కనబడుతుంది? మొదటి చోట మేధ అంటే గ్రంథార్థాన్ని ధరించి ఉంచుకునే శక్తి అని శంకరులు అర్థం చెప్పారు. రెండో చోట అగ్ర్యబుద్ధి అంటే ఏకాగ్రత కలిగిన బుద్ధి అన్నారు. ఒకటి ఎంత పట్టి ఉంచగలదన్న సంగతి, రెండోది ఎంత నిలకడగా చూడగలదన్న సంగతి. సూదికి మొన ఏర్పడేది ఇనుము ఎక్కువై కాదు, చివరికి వచ్చేసరికి ఇనుము తగ్గి తగ్గి దాదాపు ఏమీ మిగలకపోవడం వల్ల. సూక్ష్మబుద్ధి అన్న మాటను నేను ఇలాగే అర్థం చేసుకున్నాను.

ఈ రెండు వాక్యాలనూ పండితులు తరచుగా ఉదాహరిస్తారు. మొదటి వాక్యం వెనువెంటనే వచ్చే మంత్రాన్ని మాత్రం తొందరగా దాటిపోతారు. చెడు నడత నుంచి మరలనివాడు, శాంతి లేనివాడు, మనసు కుదుటపడనివాడు ప్రజ్ఞానంతో కూడా దీన్ని పొందలేడని ఆ మంత్రం చెబుతుంది. అంటే కావలసినది ఇంకా పెద్ద మెదడు కాదు. ఉన్న మెదడు ఎవరికి నౌకరీ చేస్తోందో సరిచూసుకోవడం. నాకు తెలిసినంతలో తెలివికీ జ్ఞానానికీ ఉన్న సంబంధమంతా ఈ ఒక్క చోటే ముడిపడి ఉంది.

తెలివిని కొలిచే పరీక్షలు ఎలా మొదలయ్యాయో చూస్తే ఇది ఇంకొంచెం తేలికపడుతుంది. 1905లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ కలిసి మొదటి పరీక్షను తయారుచేసినది, తరగతిలో అదనపు సహాయం ఎవరికి అవసరమో గుర్తించడానికి. మనుషులను వరుసలో నిలబెట్టే కొలబద్దగా అది తరువాత మారింది. జ్ఞాపకం, పోలికలు పట్టే నేర్పు, తర్కం, వేగం వంటివాటిని ఆ పరీక్షలు బాగానే కొలుస్తాయి, అవన్నీ లోకంలో పనికొచ్చేవే. ఆ తర్కం నిజం కోసం పనిచేస్తోందా, తన గౌరవం నిలబెట్టుకోవడం కోసం పనిచేస్తోందా అని అడిగే ప్రశ్న మాత్రం వాటిలో ఉండదు.

మీ మాటను ఒకరు కాదన్న క్షణాన్నే దగ్గర నుంచి చూద్దాం. ముందు గొంతు దగ్గర చిన్న బిగింపు, ముఖంలోకి వెచ్చదనం. ఒక ఊపిరి తీసి వదిలేలోపే ఎదుటివారి మాటలో లోపం కనిపిస్తుంది. అంతకు ముందెప్పుడో వారే ఇందుకు విరుద్ధంగా మాట్లాడిన సందర్భం గుర్తుకొస్తుంది. దాన్ని ఏ మాటతో మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా సిద్ధమైపోతుంది. ఇదంతా తెలివి చేసిన పనే, చాలా చక్కగా చేసిన పని. మామూలు మనిషికి కోపం వస్తే కోపం ఒక్కటే ఉంటుంది, చల్లారాక అది కోపమని ఒప్పుకోవడం అతనికి అంత కష్టం కాదు. తెలివైనవారికి కోపంతో పాటే దాని తరఫున వకాల్తా పుచ్చుకునే న్యాయవాది కూడా లోపలే ఉంటాడు, కాబట్టి కోపం కోపంగా కనిపించదు, సత్యం పట్ల నిష్ఠగా కనిపిస్తుంది. ఇతరుల పక్షపాతాన్ని ఇట్టే గుర్తించి తన పక్షపాతాన్ని గుర్తించలేకపోవడమనే గుణం తెలివి ఎక్కువ ఉన్నవారిలో ఏమైనా తగ్గుతుందా అని పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు, తగ్గడం లేదని 2012లో ప్రకటించారు. నాకు అది ఆశ్చర్యం కలిగించలేదు. దీపాన్ని చేతిలో పట్టుకుని ఎదుటివైపే చాపి నడిచే మనిషి ముఖం ఎప్పుడూ చీకటిలోనే ఉంటుంది.

ఈ అవస్థలో మీరు మొదటివారు కారు. ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుడి దగ్గరకు వెళ్లి ఉపదేశం కోరితే, ముందు నీకు ఏమేమి తెలుసో చెప్పు, ఆపైన ఉన్నది చెబుతాను అంటాడాయన. నారదుడు పెద్ద జాబితా చదువుతాడు: నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య, ఇంకా ఎన్నో. మీ గణితం కూడా అందులో ఉన్నదని గమనించండి. అంతా చెప్పి చివరికి, "నేను మంత్రాలు తెలిసినవాడిని మాత్రమే, ఆత్మను తెలిసినవాడిని కాను, ఆత్మ తెలిసినవాడు దుఃఖాన్ని దాటుతాడని మీవంటివారి వల్ల విన్నాను, నేను దుఃఖిస్తున్నాను" అంటాడు. ఆ జాబితా ఎంత పొడుగో, చివరి మాట అంత చిన్నది. సనత్కుమారుడు ఆ విద్యలను మరచిపొమ్మని చెప్పలేదు. ఇవన్నీ నామమే, అంటే ఉత్త పేర్లే అని చెప్పి, అక్కడి నుంచే మెట్టు మెట్టుగా పైకి తీసుకువెళ్లాడు. నారదుడికి తలుపు తెరిచినది ఆయన పాండిత్యం కాదు, "నేను దుఃఖిస్తున్నాను" అన్న ఒప్పుకోలు. అయితే ఆ మాటను అంత కచ్చితంగా అనగలగడం వెనుక ఆ పాండిత్యపు క్రమశిక్షణ కూడా ఉన్నదని నా నమ్మకం.

ఇటువైపు మరో ఉదాహరణ ఉంది, మీ తమ్ముడికి దగ్గరగా ఉండేది. బుద్ధుని శిష్యుల్లో చూళపంథకుడు అనే భిక్షువు నాలుగు నెలలు కష్టపడినా ఒక్క గాథను, అంటే ఒక్క పద్యాన్ని, కంఠస్థం చేయలేకపోయాడు. సొంత అన్న, ఆయన కూడా భిక్షువే, నీకు ఇది అబ్బదు వెళ్లిపొమ్మన్నాడు. బుద్ధుడు అతన్ని ఆపి, చేతికి ఒక తెల్లని గుడ్డముక్క ఇచ్చి, "రజోహరణం" అంటూ దాన్ని నిమురుతూ కూర్చోమన్నాడు. మురికిని తీసేది అని ఆ మాటకు అర్థం. నిమిరిన కొద్దీ తెల్లని గుడ్డ చెమటకు మాసిపోయింది. ఇంతకుముందు శుభ్రంగా ఉన్నది నా స్పర్శతోనే ఇలా అయిందని అతను చూశాడు. ఆ చూపు నుంచే అతనికి జ్ఞానం కలిగిందని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది. అదే సంఘంలో ఆనందుడు బుద్ధుని మాటలను అందరికన్నా ఎక్కువగా విన్నవాడు, గుర్తుంచుకున్నవాడు. ఆయన అర్హతుడైనది, అంటే పూర్తి జ్ఞానం పొందినది మాత్రం బుద్ధుడు గతించాక, రాజగృహంలో భిక్షువుల మొదటి మహాసభ అయిన సంగీతి జరగబోయే ముందు రాత్రి, ఎంతో ప్రయత్నించి అలసి, పడుకుందామని ఒరిగిన క్షణంలో. తల దిండును తాకకముందే, కాళ్లు నేల విడిచిన ఆ మధ్య క్షణంలో అని కథ. ప్రయత్నం సడలిన ఆ క్షణం మీవంటివారు తలచుకోదగినది.

అలాగని మందబుద్ధే మార్గమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అదే సంఘంలో ప్రజ్ఞలో అగ్రగణ్యుడని పేరుపొందిన శారిపుత్రుడూ ఉన్నాడు. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి తర్కం, శంకరుల వాదన ఈనాటికీ చదివేవారి బుద్ధికి పరీక్షలే. జ్ఞానం కలిగినవారిలో మేధావులూ ఉన్నారు, ఒక్క పద్యం గుర్తుంచుకోలేనివారూ ఉన్నారు. కాబట్టి మేధ కారణం కాజాలదు, మేధ లేమి కూడా కారణం కాజాలదు. ఈ నిర్ణయానికి రావడానికి గణితం బోధించే మీకు ఇంతకన్నా వివరణ అక్కరలేదు.

మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కావ్యకంఠ గణపతి ముని. ఆశువుగా సంస్కృత కవిత్వం చెప్పి 1900లో నవద్వీపంలో కావ్యకంఠ బిరుదు పొందినవారు. ఎన్నో శాస్త్రాలు చదివి, ఏళ్ల తరబడి మంత్రజపం చేసినవారు. 1907 నవంబరులో ఆయన అరుణాచలం కొండ ఎక్కి, తనకన్నా ఏడాది చిన్నవాడైన ఒక యువకుడి పాదాల దగ్గర పడి, చదవవలసినదంతా చదివాను, జపం తృప్తిగా చేశాను, అయినా తపస్సు అంటే ఏమిటో నాకు తెలియలేదు, చెప్పండి అని అడిగారు. ఆ యువకుడు బడి చదువు మధ్యలో ఉండగా, పదహారేళ్ల వయసులో, 1896లో మదురైలో మరణభయం ముంచుకొస్తే దాన్ని లోపలికి తిరిగి చూసినవాడు. శాస్త్రాలు చదివినది ఆ తరువాతనే. కొంతసేపు మౌనంగా ఉండి ఆయన ఇచ్చిన జవాబు రెండు మూడు వాక్యాలు: నేను, నేను అనేది ఎక్కడ నుంచి పుడుతున్నదో గమనిస్తే మనసు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు, మంత్రం జపిస్తున్నప్పుడు ఆ నాదం ఎక్కడ పుడుతున్నదో గమనిస్తే మనసు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు. ఆ యువకుడికి భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టినది ఆ పండితుడే. ఈ ఘట్టాన్ని చాలామంది పాండిత్యపు ఓటమిగా చెబుతారు. నాకు అలా అనిపించదు. అంత విద్వత్తు ఉన్న మనిషి, విన్న మాట అసలైనదని వెంటనే గుర్తుపట్టగలిగాడు. గుర్తుపట్టాక తల వంచగలిగాడు. గుర్తుపట్టడం తెలివి చేసిన పని. తల వంచడం తెలివి ఒక్కటే చేయగలిగిన పని కాదు.

ఇతర మతాల చరిత్రలోనూ ఇదే మలుపు కనిపిస్తుంది. బాగ్దాదు నిజామియా విద్యాలయంలో ఆచార్య పీఠంలో ఉన్న ఇస్లాం పండితుడు అల్ గజాలీ 1095లో పాఠం చెప్పబోతే నోట మాట రాక, పదవి వదిలి వెళ్లిపోయారు. తాను పాఠం చెబుతున్నది దేవుని కోసం కాదు, పేరు ప్రతిష్ఠల కోసమని తెలుసుకున్నానని ఆయనే తరువాత రాసుకున్నారు. క్రైస్తవ వేదాంతులలో మహా మేధావి థామస్ అక్వినాస్ 1273 డిసెంబరులో ఒక ఉదయపు ప్రార్థన తరువాత కలం పక్కన పెట్టి, తాను రాసినదంతా గడ్డిపోచలా కనిపిస్తోందన్నారు. గజాలీ చెప్పిన కారణాన్ని మీరు రెండుసార్లు చదవమని కోరుతున్నాను.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. జ్ఞానం కలిగినవారు ఆ కారణంగానే అన్నింటా తెలివైనవారైపోతారా? అవరు. ఆత్మజ్ఞానికి తాను చదవని భాష రాదు, చూడని లెక్క రాదు, రోగికి ఏ మందు ఇవ్వాలో తెలియదు. ఆయనకు తెలిసినది వేరు. తెలియని దానిని తెలియదనడానికి ఆయనకు సిగ్గు ఉండదు, అదే తేడా. ఈ గీతను చెరిపేసి, లోపలి ప్రశాంతత ఉన్నవారి మాట ఆస్తి పంపకాలలోనూ వైద్యంలోనూ పెళ్లి నిర్ణయాలలోనూ శిరోధార్యమని నమ్మి నష్టపోయినవారి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. అలాగే తెలివి ఎక్కువైన కొద్దీ మతవిశ్వాసం తగ్గుతుందని ఎవరైనా పరిశోధనలు చూపిస్తే కలవరపడకండి. 63 అధ్యయనాలను కలిపి 2013లో ప్రచురించిన ఒక విశ్లేషణలో అలాంటి సంబంధం కొంత మేరకు కనిపించిన మాట నిజమే. అయితే అక్కడ కొలిచినది నమ్మకాలనూ ఆచరణనూ. నమ్మకం ఒకటి, మేలుకోవడం మరొకటి. నాస్తికుడిలోనూ భక్తుడిలోనూ న్యాయవాది ఒకే తీరున వాదిస్తాడు.

ఇక ప్రశ్నల సంగతి. కఠోపనిషత్తులోని రథం గుర్తు చేసుకోండి: శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి, ఆత్మ రథికుడు. సారథిని గుమ్మం బయట వదిలేస్తే రథాన్ని నడిపేది ఎవరు? గుర్రాలే. లేదా పక్కన ఉన్న మరొకరు ఎక్కి పగ్గాలు పట్టుకుంటారు, నన్ను భయపెట్టేది ఇదే. మీ గురువుగారి మాటకు మంచి అర్థం ఒకటి ఉన్నది. ధ్యానానికి కూర్చున్న అరగంటలో భాష్యాలను పక్కన పెట్టండి, లోపల జరుగుతున్నదానికి వెంటనే పేరు పెట్టకండి అనడం ఆయన ఉద్దేశమైతే అది సరైన సలహా, మీకు మరీ అవసరమైన సలహా. కానీ "ప్రశ్నలు వేసేవారికి జ్ఞానం రాదు" అన్న మాట నిలబడదు. ఉపనిషత్తులు చాలా భాగం ప్రశ్నలే. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు వస్తే, పిప్పలాదుడు ఒక ఏడాది తపస్సుతో, శ్రద్ధతో ఇక్కడ ఉండండి, తరువాత మీ ఇష్టం వచ్చిన ప్రశ్నలు అడగండి, మాకు తెలిస్తే అన్నీ చెబుతాము అంటాడు. "తెలిస్తే" అన్న ఆ మాట కోసం ఆ ఉపనిషత్తును మళ్లీ మళ్లీ చదవాలనిపిస్తుంది. గీతలో ప్రణామంతో, సేవతో పాటు పరిప్రశ్నను, అంటే బాగా ప్రశ్నించడాన్ని కూడా చెప్పిన కృష్ణుడు, అంతా చెప్పాక, దీన్ని పూర్తిగా విమర్శించి చూసుకుని నీ ఇష్టప్రకారం చెయ్యి అన్నాడు.

ఎవరైనా బృహదారణ్యకోపనిషత్తులో, జనకుని సభలో యాజ్ఞవల్క్య మహర్షిని ప్రశ్నించిన విదుషి గార్గి కథ ఎత్తవచ్చు. ఆమె వరుసగా అడుగుతూ పోతే యాజ్ఞవల్క్యుడు అతిగా అడగకు, తల తెగిపడుతుంది అన్నమాట నిజం. ఆమె అప్పటికి ఊరుకున్నది. కానీ కొంతసేపటికే అదే సభలో మళ్లీ లేచి, వింటికి నారి ఎక్కించి చేతిలో రెండు బాణాలు పట్టుకున్న వీరుడిలా రెండు ప్రశ్నలతో వచ్చాను అన్నది. యాజ్ఞవల్క్యుడు "అడుగు గార్గీ" అన్నాడు, సమాధానమూ చెప్పాడు. మొదటిసారి ఆపినవాడే రెండోసారి ఎందుకు అడగనిచ్చాడో ఆలోచించండి. మీ గురువుగారిని కూడా ఒకసారి విడిగా కలిసి, మీ సందేహాన్ని నెమ్మదిగా అడిగి చూడండి. ఆయన "అది నాకు తెలియదు" అనగలరా, మీ ప్రశ్నకు చిరాకు పడతారా అన్నది మీకే తెలుస్తుంది. ప్రశ్న అడిగినందుకు నలుగురిలో చిన్నబుచ్చితే, ఆ తరగతులు మానుకోవడంలో తప్పు లేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. యువకుడిగా ఉన్నప్పుడు ఒక వృద్ధ పండితుని దగ్గర కొన్నాళ్లు వేదాంతం చదువుకున్నాను. ఒకనాడు ఆయన చెప్పిన ఒక వాక్యం వేరే ఉపనిషత్తులోనిదని నేను అన్నాను. తప్పు పట్టగలిగానన్న సంతోషం నా గొంతులో వినిపించే ఉంటుంది. ఆయన పుస్తకం తెరిచి చూసి, "అవును, నేను పొరబడ్డాను" అని, పెన్సిల్ తీసుకుని తన ప్రతిలో అంచున దిద్దుకుని, ఆపిన చోటు నుంచి పాఠం సాగించారు. ఆ మాటకూ పాఠానికీ మధ్య ఏమీ లేదు. చిన్నబోవడం లేదు, నవ్వి తేలిక చేయడం లేదు, నన్ను మెచ్చుకోవడం కూడా లేదు. ఆయన వ్యాఖ్యానాలు నేను చాలావరకు మరచిపోయాను. పెన్సిల్ కదిలిన ఆ రెండు మూడు క్షణాలు మాత్రం అలాగే ఉన్నాయి. గీత పదమూడో అధ్యాయంలో జ్ఞానమంటే ఏమిటో చెబుతూ కృష్ణుడు మొదలుపెట్టిన మాట అమానిత్వం, అంటే తనను గొప్పగా ఎంచుకోకపోవడం. అది ఎలా ఉంటుందో నేను చూసినది ఆ రోజే. మీరు మీ తమ్ముడిలో చూసినదీ ఆ జాతిదే అయి ఉండాలి.

అయితే మీ తమ్ముడు జ్ఞాని అని నేను అనను. నెమ్మది కొందరికి స్వభావం, కొందరికి సాధనఫలం, మరికొందరికి చిన్నప్పటి నుంచి మందలింపులు పడి పడి అలవాటైన మౌనం. ఉత్తరాన్ని బట్టి అది ఏదో చెప్పలేము. "అది నేను చూసుకోలేదు" అని పని సరిచేయడానికి లేచి వెళ్లడం మాత్రం భయపడిన మనిషి తీరు కాదు. ఆయనను తక్కువ తెలివి గలవాడని ఇన్నాళ్లూ అనుకున్నారు. ఇప్పుడు దాని స్థానంలో మహాత్ముడని అనుకోవడం మొదలుపెట్టకండి. రెండింటిలోనూ ఆయనకు మార్కులు వేసేది మీరే.

మీరు చేయదగినవి రెండు చెబుతాను. తరగతి గదిలో బోర్డు మీద లెక్క చేస్తూ కూడిక గుర్తు బదులు తీసివేత గుర్తు వేశారనుకోండి, వెనుక వరుసలోని విద్యార్థి అది చెబితే మీరేం చేస్తారు? చెరిపి సరిచేస్తారు. నిజాన్ని నిజంగా తీసుకునే శిక్షణ గణితం మీకు ఇచ్చింది, దాన్ని మీ మీద ప్రయోగించడమే మిగిలింది. ఈసారి ఎవరైనా కాదన్నప్పుడు, జవాబు చెప్పినా చెప్పకపోయినా, ఆ తరువాత ఒంటరిగా కూర్చుని ఒక కాగితం మీద మూడే మూడు రాయండి: శరీరంలో ముందుగా ఎక్కడ తెలిసింది, మనసులో పుట్టిన మొదటి వాక్యం ఏమిటి, ఆ వాక్యం ఎవరిని కాపాడటానికి పుట్టింది. మూడోదానికి జవాబు వెంటనే రాదు. రాకపోతే ఖాళీ వదిలేయండి, ఊహించి నింపకండి. మీ న్యాయవాది ఆ ఖాళీని కూడా నింపడానికి వస్తాడు, పెద్ద పెద్ద వేదాంత పదాలతో వస్తాడు. వచ్చాడని గమనిస్తే చాలు, తరిమేయనక్కరలేదు. తెలివిని చంపుకోమని నేను చెప్పడం లేదు. ఇన్నాళ్లూ ఎదుటివైపు చాపిన దీపాన్ని పట్టుకున్న చేతివైపు తిప్పమంటున్నాను.

రెండోది మీకు కష్టం కావచ్చు. కొన్ని నెలలపాటు ఉపనిషత్తులను ఎవరికీ చెప్పకండి. శ్రవణం, అంటే వినడం చేశారు, మననం, అంటే ఆలోచించడమూ చేశారు; నిదిధ్యాసన, అంటే దాన్నే లోపల నిలుపుకునే ధ్యానం మొదలుపెట్టవలసిన చోట మీరు ప్రవచనంలోకి మళ్లారని నాకు అనిపిస్తోంది. చెప్పడంలో ఒక తృప్తి ఉంది, అది తెలుసుకున్న తృప్తిలాగే ఉంటుంది, అందుకే మోసపోతాము. మీకు బాగా తెలుసుననుకున్న వాక్యం ఒక్కటి తీసుకుని, దానికి అర్థం చెప్పకుండా, రోజూ కాసేపు దానితో ఊరికే కూర్చోండి. మొదటి వారాల్లో విసుగు పుడుతుంది. మరో పుస్తకం తెరవాలని, ఎవరికో వివరించాలని చేయి లాగుతుంది. తెరవకండి.

తమ్ముడితో ఎలా ఉండాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. క్షమాపణ చెప్పాలనిపిస్తే పదిమంది ఎదుట అన్నది పదిమంది ఎదుటే వెనక్కి తీసుకోండి, కారణాలు జోడించకుండా. ఆ తరువాత ఎప్పుడైనా మీరిద్దరే ఉన్నప్పుడు, పరీక్షించడానికి కాకుండా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న అడగండి: "ఆ రోజు నేను అన్నప్పుడు నీకు లోపల ఏమైందిరా?" ఆయన జవాబు రెండు ముక్కల్లో ఉండవచ్చు, అందులో మీకు తెలిసిన ఒక్క శాస్త్రపదం కూడా ఉండకపోవచ్చు. దాన్ని మీ భాషలోకి మార్చి ఆయనకు తిరిగి చెప్పకండి.